జూన్ ముప్పై లోపు తీర్పు

నరసన్నపేట దగ్గర మా ఊళ్లో నన్ను ఒకటో తరగతిలో చేర్చుకున్న మాస్టారు, ఆ ఏడు చేరిన పిల్లలందరికీ పుట్టినరోజు జులై ఒకటి అని రాసేశారు. అడిగే ఓపిక ఆయనకీ లేదు, తేదీలు చెప్పే అలవాటు మా వాళ్లకీ లేదు. నిజానికి నేను పుట్టింది ఆ జులై తరవాత ఆర్నెల్లకు, డిసెంబరులో. మా బాప్టిస్టు చర్చి పుస్తకంలో ఆ తేదీ ఇప్పటికీ ఉంది.

ఆ జులై ఒకటి నేను జడ్జీనయ్యాక మెడకు చుట్టుకుంది. కింది కోర్టుల్లో మేం అరవై నిండగానే దిగిపోవాలి. ఒకటో తారీఖున పుట్టినవాళ్లు దానికి ముందు రోజే, అంటే నేను జూన్ ముప్పైకి. హైకోర్టులో అరవై రెండు, సుప్రీంకోర్టులో అరవై ఐదు. మెట్టు ఎక్కేకొద్దీ బుర్ర ఆలస్యంగా ముసలిదవుతుంది కాబోలు! నా కోర్టులో ఫైళ్లు మోసే అటెండరుకు కూడా అరవై రెండే. ఒళ్లు మండిపోయేది.

"ఆర్నెల్ల సర్వీసు ఊరికే ఒగ్గీస్తావేటి? సర్చి పుస్తకం సూపించి అర్జీ ఎట్టు" అని మా ఆయన పోరు.

పెట్టనన్నాను. ఉద్యోగం కొత్తలో ఒక రోడ్డు రోలరు డ్రైవరు, రిటైరయ్యే ముందు జాతకం పట్టుకుని ఇలాగే నా ముందుకొచ్చాడు. "ఇన్నేళ్లూ గుర్తురాని పుట్టినరోజు ఇప్పుడు గుర్తొచ్చిందా?" అని నిండు కోర్టులో గద్దించి, దావా కొట్టేశాను. ఆయనకో న్యాయం, నాకో న్యాయమా?

నా బెంగ అంతా ఒక దావా గురించి. సముద్రం ఒడ్డు ఊళ్లో చేపలమ్ముకునే ముసలమ్మ, చనిపోయిన భర్త వాటా స్థలం మరిది ఇవ్వడం లేదని వేసింది. సాక్షులందరినీ విన్నది నేనే. మిగిలింది వాదనలు. విన్న జడ్జీ తీర్పు చెప్పకుండా దిగిపోతే, తరవాత వచ్చేవాళ్లు వాదనలు మళ్లీ వినాలి. వాళ్లు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు.

వేసవి సెలవుల తరవాత కోర్టు తెరిచాక, మరిది తరపు వకీలు వాయిదా అడిగారు. నేను దిగిపోయే తేదీ ఆయనకూ తెలుసు.

"వాయిదా లేదు. ఇప్పుడు చెప్పండి, లేదంటే మీ వాదన లేదని రాసుకుంటాను" అన్నాను.

వెనక నుంచి ముసలమ్మ లేచింది. "తల్లీ, తమరెల్లిపోతే మల్లీ మొదటికొస్తాదంట, నిజవేనా?"

"కూర్చోమ్మా. నేనుండగానే తేలుతుంది" అన్నాను.

వాదనలు ముగిశాక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. చదివేకొద్దీ ముసలమ్మ దావా నిలవదని తేలిపోయింది. భర్త బతికుండగానే తన వాటా తమ్ముడికి రాసిచ్చేశాడు. వేలిముద్ర అతనిదే, సాక్షులు గట్టిగా నిలబడ్డారు. ఆ సంగతి పెళ్లానికి చెప్పకుండానే పోయాడు.

ఈ తీర్పు తరవాతివాళ్లకు వదిలేస్తే, ఆవిడ దృష్టిలో మంచిదాన్నిగా దిగిపోవచ్చు అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మాటిచ్చింది నేను. మర్నాడే స్టెనోను కూర్చోబెట్టి డిక్టేషను మొదలుపెట్టాను.

జూన్ ముప్పై ఉదయం తీర్పు చదివాను. దావా కొట్టేశాను. ముసలమ్మ వకీలు ఆ సంగతి ఆవిడ చెవిలో చెప్పారు. ఆవిడ నా వైపు తిరిగింది.

"తమరికి అరవైకే సెలవిచ్చీసినారు" అంది. "నాకు డెబ్బై దాటీసినాయి, నాకెవులూ సెలవియ్యనేదు. పైకోర్టుకెల్తాను."

కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, సంతోషమేసింది. కింద తీర్పంటూ ఉంటేనే కదా, పైకోర్టు.

మధ్యాహ్నం వీడ్కోలు దండలు పడ్డాయి. ఆ తరవాత కుర్చీలో కూర్చుని నేను పెట్టిన ఆఖరి సంతకం, నా తీర్పు మీద అప్పీలుకు పోవడానికి అర్జెంటుగా కాపీ ఇప్పించమని ఆవిడ పెట్టుకున్న అర్జీ మీద.