వాన డబ్బాకు పోసిన నీళ్లు

కరోనాకు ముందటి ఏడు, శ్రావణ మాసంలో, నేను తాండూరు దగ్గరి ఒక మండల రెవెన్యూ ఆఫీసులో అటెండరుగా పనిచేస్తున్నాను. మండలం పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. నాది ఐదో తరగతి చదువు. మా ఆయన అదే శాఖలో ఉండగా పోయాడు, ఆయన ఉద్యోగం కింద నన్ను తీసుకున్నారు. ఫైళ్లు మోయడం, టపా పంచడం, గదుల తాళాలు తీయడం నా పనులు. వాటితో పాటు రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు వెనకాల వాన డబ్బాను చూడడం కూడా నా మీదే పడింది. కాగితాల మీద దాని పేరు వర్షమాపకం. సార్లు రెయిన్ గేజ్ అనేవాళ్లు. ఊళ్లో వాళ్లకు, నాకు అది వాన డబ్బా.

నీళ్లను లీటర్లలో కొలవాలి గాని, గుడ్డను కొలిచినట్టు మూడు సెంటీమీటర్ల వాన అంటారేమిటని మొన్న మా మనవరాలు అడిగింది. కొత్తలో నేనూ అదే అడిగాను. జవాబు సులువే. పడిన వాన ఎటూ పారకుండా, నేలలో ఇంకకుండా, ఎండకు ఆరకుండా పడినచోటే నిలిస్తే ఎంత ఎత్తు నిలుస్తుందో అదే వాన కొలత. నిలువు గోడల గంగాళం ఒకటి, గ్లాసు ఒకటి పక్కపక్కన వానలో పెట్టి చూడండి. గంగాళంలో నీళ్లు ఎక్కువ పడతాయి, కాని ఎత్తు రెండింట్లోనూ ఒకటే. అందుకే మండలమంతా పడిన వానను అడుగు ఎత్తున్న ఒక్క డబ్బాతో కొలవగలుగుతాం.

డబ్బాకు గుండ్రటి మూతి, లోపల గరాటు, గరాటు కింద సీసా ఉంటాయి. సీసాలో చేరిన నీళ్లను సన్నటి గీతల గ్లాసులోకి వంపుతాం. గ్లాసు డబ్బా మూతికంటే బాగా సన్నం కాబట్టి ఒక్క మిల్లీమీటరు వాన అందులో వేలి వెడల్పంత కనబడుతుంది. నీళ్లు గ్లాసు అంచుల దగ్గర కొంచెం పైకి పాకుతాయి, కాబట్టి నడుమ పల్లంగా ఉన్నచోట చదవాలి. నిలబడి చూస్తే లెక్క తప్పుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, కంటిని గీతకు సమంగా పెట్టి చూసేదాన్ని. చూసింది పుస్తకంలో రాసి, ఆఫీసు ముందున్న నల్లబోర్డు మీద సుద్దతో రాసేదాన్ని. సీనియర్ అసిస్టెంట్ సారు ఆ అంకెను వికారాబాద్‌కు, జిల్లా ఆఫీసుకు పంపేవారు. ఆదివారమైనా, పండుగైనా ఈ పని ఆగదు.

ఆ శ్రావణంలో మొగులు, అంటే మబ్బు, మొహం చాటేసింది. పెసర పూత మీద మాడింది. మక్కజొన్న మోకాలెత్తులో ఆగిపోయింది. అప్పట్లో మా ఆఫీసులో చెప్పుకున్న పద్ధతి ఏమిటంటే, వరసగా మూడు వారాలు వాన రోజు లేకపోతే మా మండలాన్ని పంట నష్టానికి సర్కారు సాయం వచ్చే కరువు జాబితా కోసం పరిశీలిస్తారు. తర్వాత ఇంకా చాలా చూస్తారు గాని, మొదటి మెట్టు ఇదే. రెండున్నర మిల్లీమీటర్లు, అంతకు పైన పడితేనే అది వాన రోజు. అలాంటి రోజు నడుమ ఒక్కటి వచ్చినా వరస తెగి, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. రైతులు పొద్దున్నే బోర్డు దగ్గరికి వచ్చి సున్నా చూసి పోయేవాళ్లు. వాన కోసం ఏడ్చే మనుషులే ఆ సున్నాను చూసి కొంచెం నెమ్మదించేవాళ్లు.

పద్దెనిమిదో రోజు శుక్రవారం. నేను తాండూరు నుంచి బస్సులో వచ్చేదాన్ని. ఆ తెల్లవారుజామున తాండూరులో నాలుగు చినుకులు పడ్డాయి. ఇక్కడా పడి ఉంటాయనుకుంటూనే దిగాను. డబ్బా తెరిస్తే సీసాలో నీళ్లున్నాయి. చుట్టూ నేల కూడా తడిగా ఉంది. కొలిచాను. రెండు దశాంశం ఎనిమిది. నియమం ప్రకారం నీళ్లు పారబోసి, రాసుకుని, బోర్డు మీద వేశాను. సారు అంకె పంపేశారు.

పదకొండు గంటలకు మల్లయ్య వచ్చాడు. నాలుగెకరాల రైతు, నన్ను చెల్లె అని పిలిచే మనిషి. బోర్డు చూసి నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏం చెల్లె, ఎవని చేన్ల వడ్డది గీ వాన? నా చేన్ల దుమ్ము లేస్తున్నది."

"డబ్బాల ఉన్నయన్నా. ఉన్నది రాసిన."

"నీ డబ్బాకు ఒక్కదానికే వడ్డదా? మస్తుగుంది. గట్లయితే దాన్ని దీస్కవొయ్యి నా చేన్ల వెడత."

నలుగురు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇంక మూడు దినాలుండె చెల్లె" అని మాత్రం అన్నాడు.

నాకు మనసు నిలవలేదు. వెనక్కి వెళ్లి ఎండలో డబ్బాను మళ్లీ చూశాను. మూతి అంచున పసుపు గీత, పక్కన కుంకుమ బొట్టు ఉన్నాయి. పొద్దున గోడ నీడలో, అందులోనూ హడావుడిలో, గమనించలేదు. అప్పుడు చూస్తే నేల తడి ఆఫీసు ఆవరణంతా లేదు. డబ్బా చుట్టూ మాత్రం చాటంత మేర ఉంది.

మా ఆఫీసు ఊడ్చే లక్ష్మిని పిలిచి అడిగాను. ఆమెకు దాచే ఆలోచనే లేదు.

"నేనే అక్కా. శ్రావణ శుక్రారం గదా. మా ఊళ్లె కప్పతల్లి ఆడిండ్రు, అయినా వాన రాలె. గీ డబ్బా దినాం వానకెదురు జూస్తది, గిది గూడ దేవుని లెక్కనే గదా అని పసుపు వెట్టి చెంబెడు నీళ్లు వోసిన. తప్పా?"

కప్పను కావడికి కట్టి ఇంటింటా నీళ్లు పోయించుకునే మొక్కు మా వైపు అందరికీ తెలిసిందే. కప్పకు పోసినట్టే లక్ష్మి డబ్బాకు నీళ్లు పోసింది. చాలా వరకు బయటికి కారిపోయాయి. అర గ్లాసు చాయంత లోపల పడితే చాలు, ఆ అంకె వస్తుంది. లక్ష్మికీ ఎకరం పెసర ఉంది. తన వరసను తనే తెంచుకున్నదని చెప్పేసరికి అక్కడే చీపురు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. "నా కొలువు వోతదా అక్కా?" అంది.

సంగతి చెబితే సీనియర్ అసిస్టెంట్ సారు ఊరుకోమన్నారు. పంపిన అంకెను వెనక్కి తీసుకుంటే మిగతా అంకెలనూ అనుమానిస్తారని ఆయన భయం. అది తప్పు భయమేమీ కాదు. తహసీల్దార్ మేడం మాత్రం, కొలిచింది ఎవరో వాళ్లే రాసిస్తే సవరణ పంపుతానన్నారు. నా అక్షరాలు పెద్దపెద్దవి, వంకరవి. అయినా నేనే రాశాను. డబ్బాకు పూజ చేసి నీళ్లు పోశారని, అవి వాన నీళ్లు కావని, మూతి చూడకుండా, మొగులు సంగతి ఎవరినీ అడగకుండా కొలవడం నా తప్పని రాశాను. పోసింది ఎవరని మేడం అడగలేదు, నేనూ రాయలేదు. నాకు మెమో వచ్చింది. సాయంత్రం వికారాబాద్ నుంచి సవరణకు ఒప్పుకున్నారు. పుస్తకంలో పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సున్నా వేసి, సంతకం పెట్టాను. అంకెను చెరపడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

శనివారం సున్నా. ఆదివారం సున్నా.

సోమవారం పొద్దున నేను బస్సు దిగేసరికి సన్నటి వాన పడి వెలిసింది. ఈసారి రోడ్డూ, చెట్ల ఆకులూ, ఆఫీసు మెట్లూ అన్నీ తడిశాయి. డబ్బా దగ్గర నాకంటే ముందే మల్లయ్య, లక్ష్మి, ఇంకో పదిమంది నిలబడి ఉన్నారు. నేను మూతి తుడవకుండా ముందు చూశాను. పసుపు లేదు, ఏమీ లేదు. మోకాళ్ల మీద కూర్చుని కొలిచాను. రెండు దశాంశం ఆరు.

మల్లయ్య ఒక అడుగు ముందుకొచ్చాడు.

"చెల్లె, గిది దుమ్ము గూడ అణగలె. పెసర ఎప్పుడో వొయింది. రెండు దశాంశం నాలుగు అని రాయరాదు?"

"ఎట్ల రాస్తనన్నా?"

"మొన్న తీసేసినవ్ గదా. గిప్పుడెందుకు తీసెయ్యవ్?"

"మొన్నటియి వాన నీళ్లు గావు. గివి వాన నీళ్లు."

"నువ్వు ఊకెనే సర్కారు ముచ్చట చెప్తున్నవ్ అక్కా" అని లక్ష్మి పక్కకు తిరిగింది. నేను తన పేరు రాయలేదన్నది ఆమెకు తెలుసు. దాన్ని బట్టి ఇదీ చేస్తాననుకుంది.

గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. రెండు దశాంశం ఆరుకూ నాలుగుకూ నడుమ ఉన్న నీళ్లు ఒక చెంచాకు మించవు. కొంచెం వంచినా సరిపోయేది, ఎవరూ అడిగేవాళ్లు కారు. వంచలేదు. మరోసారి చదివి, మల్లయ్యను కూడా వంగి చదవమన్నాను. ఆయన వంగి, చూసి, లేచి వెళ్లిపోయాడు. బోర్డు మీద అంకె వేశాను.

ఆ ఏడు మా మండలం జాబితాలోకి రాలేదు. ఆ ఒక్క రోజు వల్లేనా, తర్వాతి మెట్లలో ఆగిందా, నాకు తెలియదు. తెలిసినా, నా వల్లే పోయిందన్న ఊళ్లో వాళ్ల లెక్క మారదు. లక్ష్మి దసరా వరకు నాతో పనికి సంబంధించిన మాట తప్ప మాట్లాడలేదు. మల్లయ్య మళ్లీ నన్ను చెల్లె అనలేదు, సత్తెమ్మ అని పేరు పెట్టి పిలిచేవాడు.

రిటైరయ్యే వరకు డబ్బా నేనే చూశాను. నా తర్వాత వచ్చిన వాళ్లకు చెప్పింది ఇంతే. గ్లాసు నీళ్లెన్నో చెబుతుంది గాని ఎక్కడివో చెప్పదు. కాబట్టి ముందు మొగులును, నేలను, డబ్బా మూతిని చూడాలి. అవి వాన నీళ్లని తేలాక, ఆ నీళ్లు ఎవరికి మేలు చేస్తాయి, ఎవరిని ముంచుతాయి అని చూడకూడదు. మొదటిది నేర్చుకోవడానికి నాకు ఒక మెమో సరిపోయింది. రెండోది పాటించిన రోజు ఊళ్లో నాకు మంచినీళ్లిచ్చిన వాళ్లు లేరు.