సర్దార్ గారి ముక్కు

కొత్తగూడెంలో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేరిన మొదటి వారం. మూత్రాశయంలో రాయి తీయించుకోవడానికి ఒక పెద్దాయన వచ్చారు. బొగ్గు గనిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యారట. ప్రమాదాన్ని ముందే పసిగట్టి కార్మికులను బయటికి పంపడం ఆయన ఉద్యోగం. నడుముకు మత్తిచ్చారు కాబట్టి కాళ్లు మొద్దుబారాయి గానీ, నోరు ఆగడం లేదు.

లోపలికి చూసే గొట్టం మార్చేటప్పుడు, దానికి వెలుగునిచ్చే కేబుల్‌ను డాక్టరుగారు ఊడదీసి నాకిచ్చారు. దాన్నందరూ 'కోల్డ్ లైట్' అంటారు. చల్లగానే ఉంటుందనుకుని, ఆర్పకుండా ఆయన తొడ మీద కప్పిన గుడ్డపై పెట్టేశాను.

నిమిషం కాకముందే పెద్దాయన ముక్కు ఎగబీల్చారు.

"ఏంది, కాలిన వాసనొస్తంది? అందరు బయటికి నడువుండ్రి, జల్దీ! డాక్టర్ సాబ్, మీరు గూడ. నేను ఆఖరుకు వస్త!"

కదలని కాళ్లతో ఎలా వస్తారని ఎవరూ అడగలేదు. మత్తు డాక్టరైతే అప్పటికే తలుపు దగ్గరున్నారు!

కేబుల్ ఎత్తి చూస్తే గుడ్డకు రూపాయి బిళ్లంత చిల్లు. అదృష్టం, చర్మం కాలలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడ్వకు బిడ్డా. లైటు కింద పెట్టాల్నంటె ముందు ఆర్పాలె. సమజైందా?"

"అవ్ సార్."

"అయితె అందరు మళ్ల పనిల దిగుండ్రి," అని ఆయన అనుమతిచ్చాకే ఆపరేషన్ ముందుకు సాగింది.

ఇప్పటికీ ఆ కేబుల్ కింద పెట్టే ముందు స్విచ్ ఆపుతాను. ఆపాక కూడా, ఎందుకైనా మంచిదని, ఓసారి ముక్కు ఎగబీలుస్తాను.

— కె. స్వరూప, పాల్వంచ