డాక్టర్ తేజ గారి చిరునామా

గురునాథానికి లోకంలో ఉన్నవన్నీ మిరపకాయలే. దేన్ని చూసినా గ్రేడు కట్టందే ఊరుకోడు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు తరఫున నలభై ఏళ్లు కాయ చూసినవాడు. కళ్లకు గంతలు కట్టి నిలబెడితే, లారీ గేటు దాటకముందే తన తుమ్ముల్ని బట్టి రకం చెప్పేవాడని ప్రతీతి. రెండు తుమ్ములొస్తే మామూలు రకం, ఏడొస్తే తేజ. ఒకసారి ఏకబిగిన తొమ్మిది తుమ్మితే, ఎక్కడో చైనా నుంచి వచ్చిన కొనుగోలుదారు దణ్ణం పెట్టేశాడట. అందులో రెండు జలుబు తుమ్ములని ఆయన భార్య వెంకటేశ్వరమ్మకి మాత్రమే తెలుసు.

రిటైరయ్యాక కాయలు పోయి గ్రేడులు మిగిలాయి. రంగు పోయి తెల్లబడిన కాయని యార్డులో తాలు అంటారు. అందువల్ల గురునాథం భాషలో పనికిరానిది తాలు, తిరుగులేనిది తేజ. ఇంట్లో సాంబారు ఏనాడూ 'మీడియం బెస్టు' అనే నడిమి గ్రేడు దాటలేదు.

"నలభై ఏళ్లుగా మీడియం బెస్టు తింటూ ఒళ్లు మాత్రం డీలక్స్‌గా పెంచారు" అనేది వెంకటేశ్వరమ్మ.

కోడలు అనూషని పెళ్లిచూపుల్లో చూసొచ్చి "తేజే" అన్నాడు. అది పొగడ్తో, తన నోటి గురించి అన్నమాటో ఆమె ఏడేళ్లయినా తేల్చుకోలేకపోయింది.

ఆమెకి తేల్చుకోలేనివి ఇంకా ఉన్నాయి. నాలుగేళ్ల కూతురు శ్రీదుర్గకి చలిగాలి తగిలితే చాలు, ఛాతీలో పిల్లికూతలు. రోజూ రెండు పూటలా ఇన్‌హేలర్ వాడాలనీ, తాను చెప్పేదాకా ఆపొద్దనీ డాక్టరు రాసిచ్చాడు. అనూష వాడుతూనే ఉంది, భయపడుతూనే ఉంది. "అలవాటైపోదు కదా?" అని మొగుణ్ని అడిగింది, అత్తగారిని అడిగింది, బ్రాడీపేట కోచింగ్ సెంటర్లో తాను కెమిస్ట్రీ చెప్పే పిల్లల్ని కూడా అడగబోయి ఆగింది. చివరికి 'బుజ్జి ఊపిరి' అనే వాట్సాప్ గ్రూపులో చేరింది. రెండొందల పన్నెండు మంది తల్లిదండ్రులు, అందరి పిల్లలకీ ఆయాసమే, అందరి దగ్గరా మందే. పెరుగు మానేయమని ఒకరు రాస్తే, పెరుగే మందని ఇంకొకరు రాశారు. శ్రీదుర్గ మధ్యాహ్నం పన్నెండు దాకా పెరుగు లేకుండా, ఒంటిగంటకి రెండు గిన్నెల పెరుగుతో ఆ రోజు గడిపింది.

"మావయ్యా, అందరూ నమ్మకంగానే రాస్తున్నారు. ఎవర్ని నమ్మాలి?" అని మామగారిని కూడా గ్రూపులో చేర్చింది.

"బస్తా పైకాయ చూసి బేరమాడకూడదమ్మాయ్. చెయ్యి అడుక్కి పెట్టాలి" అన్నాడు గురునాథం.

అడుక్కి పెట్టడమంటే ఫోన్ చేయడం. పిల్లల మేజోళ్లలో ఉల్లిపాయ ముక్కలు పెట్టి పడుకోబెడితే ఆయాసం పోతుందని సింగరాయకొండ నుంచి సౌజన్య అనే ఆవిడ రాయగానే చేశాడు. స్పీకర్ పెట్టి మరీ.

"ఎవరి పిల్లకి పెట్టారమ్మా?"

"మా తోడికోడలి చెల్లెలి పిల్లకండి."

"ఎన్నాళ్లు?"

"వారం."

"ఆయాసం తగ్గిందా?"

"మేజోళ్లు పారేశారండి."

గురునాథం ఫోన్ పెట్టేసి, ఆ సలహా కింద ఒక్క ముక్క రాశాడు: తాలు.

మర్నాడు చీరాల నుంచి కరీమున్ రాసింది. "ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించాలని మా డాక్టరు చెప్పారు. ఆరు నెలలుగా చేయిస్తున్నాను, మా జాన్ బాషాకి నోట్లో తెల్లపూత తగ్గింది. మీరూ మీ డాక్టర్ని అడగండి." గురునాథం ఆమెకీ ఫోన్ చేసి, ఇరవై ప్రశ్నలడిగి, సంతోషం పట్టలేక "తేజ" అని రాశాడు.

కింద ఎవరో "థాంక్యూ తేజ గారూ" అన్నారు. ఇంకొకరు "తేజ గారు చెప్పారంటే చేయాల్సిందే" అన్నారు. పది రోజుల్లో తేజ గారికి డాక్టరు పట్టా వచ్చేసింది.

"డాక్టర్ తేజ గారి క్లినిక్ బ్రాడీపేటలో ఎన్నో లైనండీ?"

"నాలుగో లైను, పదకొండో అడ్డరోడ్డు అనుకుంటా."

అనూష పొట్ట పట్టుకుని నవ్వింది. "చెప్పెయ్యండి మావయ్యా, తేజ అంటే మిరపకాయని."

"ఉండనీ అమ్మాయ్. మంచిమాటకి డాక్టరు పేరుంటే నష్టమేంటి?"

నష్టమేంటో మూడు వారాలకి తెలిసింది. విజయవాడలో ఉన్న స్నేహితురాలు ఇంకో గ్రూపు నుంచి అనూషకి ఒక మెసేజి పంపింది. పైన పెద్ద అక్షరాలు: డాక్టర్ తేజ, పిల్లల ఊపిరితిత్తుల నిపుణులు, గుంటూరు. కింద: దగ్గు తగ్గాక ఇన్‌హేలర్ వెంటనే ఆపండి, లేకపోతే జీవితాంతం అలవాటవుతుంది. తేజ మిరపకాయ అని అనూషకి తెలుసు. కానీ ఆ పేరుతో నిజంగా ఒక డాక్టరు ఉండకూడదా? పైగా ఆయన ఆమె మనసులో మాటే చెప్పాడు. ఎవరికీ చెప్పకుండా ఇన్‌హేలర్ బీరువాలో పెట్టేసింది.

మూడోరోజు పొద్దున శ్రీదుర్గ పాలగ్లాసు తోసేసి, భుజాలెగరేస్తూ ఊపిరి పీల్చడం మొదలుపెట్టింది. ఒక ముక్క మాట్లాడటానికి మూడుసార్లు ఆగుతోంది. గురునాథం పిల్లని ఎత్తుకుని ఆటో పిలిచాడు.

దారిలో అడిగాడు. "మందు పట్టావా అమ్మాయ్?"

"రెండు రోజులుగా ఆపాను మావయ్యా."

"ఎవరు ఆపమన్నారు?"

అనూష బయటికి చూసింది. "డాక్టర్ తేజ."

"ఏ తేజ?"

"గుంటూరు తేజ."

ఆటోవాడు అద్దంలో చూశాడు. "గుంటూరు తేజ మిరపకాయ కదమ్మా."

గురునాథం ఆమె ఫోన్ తీసుకుని మెసేజి కింద దాకా చదివాడు. చిట్టచివర, అనూష చదవని చోట, ఇలా ఉంది: నోరు పుక్కిలించాలి, మా జాన్ బాషాకి తెల్లపూత తగ్గింది. కరీమున్ మాటల మీద ఎవడో తన మాట అతికించాడు. గురునాథం ముఖం తెల్లబడింది. కోడల్ని ఒక్క మాట అనలేదు. "ఆ పేరు పెట్టింది నేనేనమ్మా" అన్నాడంతే.

ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టారు. మామగారి ఒళ్లో శ్రీదుర్గ కూతలు మెల్లగా సద్దుమణుగుతుంటే, అనూష చేతిలో ఉన్న ఆయన ఫోన్ మోగింది. ఉల్లిపాయల సౌజన్య.

"నాన్నగారు లేరా అండీ? పదైనా ఫోన్ చేయలేదు, ఒంట్లో బాగానే ఉందా?"

"రోజూ చేస్తారా?"

"తాలు బ్యాచి మొత్తానికీ చేస్తారండి. తప్పుడు సలహాలు పెట్టినవాళ్లం పధ్నాలుగు మందిమి." ఆమె నవ్వి, గొంతు తగ్గించింది. "ఆ తోడికోడలి చెల్లెలి పిల్ల ఎవరూ లేరండీ, మా పాపే. ఎలా కనిపెట్టారో, ఆ సాయంత్రమే మళ్లీ ఫోన్ చేశారు. ఎంత భయమేస్తే తప్ప తల్లి పిల్లకి ఉల్లిపాయ కట్టదు, ఎలా ఉందో చెప్పమన్నారు. మర్నాడు రైలెక్కి వచ్చి, మమ్మల్ని ఒంగోలు డాక్టరుకి చూపించి వెళ్లారు."

ఆ రోజు ఆయన సింగరాయకొండ నరసింహస్వామి దర్శనానికని చెప్పి వెళ్లిన సంగతి అనూషకి గుర్తొచ్చింది. ప్రసాదమేదంటే రైల్లోనే తినేశానన్నాడు.

ఇంటికొచ్చాక గురునాథం గ్రూపులో రాశాడు. "డాక్టర్ తేజ అనే మనిషి లేడు. తేజ మిరపకాయ. నా పిచ్చి రాతల వల్ల మా ఇంట్లో పిల్లకి మందు ఆగి ఆయాసం వచ్చింది. మీ డాక్టరు చెప్పకుండా ఏ మందూ ఆపకండి." కోడలి పేరు ఎక్కడా రాయలేదు.

నిమిషంలో జవాబొచ్చింది. "అంత పెద్ద డాక్టరయ్యుండి ఎంత వినయం."

రెండో జవాబు: "నిజమైన డాక్టర్లు ఇలాగే ఉంటారండీ."

గురునాథం తల పట్టుకున్నాడు. "ఇది రాస్తే పోయే తెగులు కాదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలి."

"సగం నాకివ్వండి మావయ్యా" అంది అనూష.

ఆమెకి మొదట తగిలింది కొత్తపట్నంలో ఒక తల్లి. "డాక్టర్ తేజ గారి అసిస్టెంటా?" అందావిడ ఆశగా. కాదు, మిరపకాయ గ్రేడరు కోడల్నని అనూష చెప్పింది. అవతల గొంతు నీరసపడిపోయింది. ఫోన్ పెట్టేయబోయేదల్లా అనూష ఆగి, వాళ్ల బాబు ఏం తిన్నాడని అడిగింది.

పొద్దువాలేసరికి గురునాథం ముప్ఫై ఇద్దరితో మాట్లాడి గొంతు పోగొట్టుకున్నాడు. అనూష ఇంకా ఆ మొదటి ఫోన్‌లోనే ఉంది.