ఎత్తుకి నాలుగు సెకన్లు

ఒక ఉత్తరం ఆరేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. నేనే రాశాను. పంపలేదు. పంపానని చెప్పాను. మూడు పేరాలు మించని ఆ ఉత్తరం బరువు ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా తగ్గలేదు.

ముందు నా గురించి ఒక మాట చెప్పాలి. నేను బాగా పోట్లాడతాను. దీన్ని వినయంగా చెప్పడం నాకు చేతకాదు. అమెరికాలో, ప్లేనో అనే మా ఊళ్ళో తెలుగువాళ్ళలో ఎవరికి ఏ తగాదా వచ్చినా ఉత్తరం నా చేతే రాయించుకునేవారు. కంచె రంగు బాగోలేదని కాలనీ సంఘం నోటీసు అంటించినా, ఇంగ్లీషు తప్ప మరో భాష రాని పిల్లాణ్ణి బడిలో ఇంగ్లీషు నేర్పే క్లాసులో కూర్చోబెట్టినా, సూట్‌కేసు పోగొట్టిన విమానం కంపెనీ తనకేమీ తెలియదన్నా, రాసేది నేనే. నా ఉత్తరం ఒక్కటీ ఓడిపోలేదు. ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసి, హెచ్‌ఫోర్ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేక ఇంట్లో కూర్చున్న మనిషికి అంతకన్నా పరాక్రమం ఎక్కడ దొరుకుతుంది?

ఆన్‌లైన్ చెస్‌లో దొరికింది. మా ఆయన ఆఫీస్‌కీ, అమ్మాయి స్కూల్‌కీ వెళ్ళాక కాఫీ పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే. గడియారం అయిపోతే గెలుస్తున్న ఆటైనా ఓడినట్టే. ఎవరూ నేర్పకుండా, నలభై దాటిన వయసులో, ఏడాదిలో రేటింగ్ పదకొండు వందల నుంచి పదిహేను వందలకి తెచ్చాను. అక్కడ ఆగిపోయింది. కారణం నాకు తెలుసు. నా నోరు ఎలాంటిదో నా మౌస్ కూడా అలాంటిదే, బుర్ర వద్దనేలోపే కదిలిపోతుంది.

అప్పుడు తగిలాడు ఒకడు. పేరు చోట అక్షరాలూ అంకెలూ కలిపి ఏదో ఉండేది. మగవాడే అనుకున్నాను, ఎందుకు అనుకున్నానో మాత్రం అడక్కండి. వరసగా పదకొండు ఆటలు ఓడించాడు. పన్నెండోది ఆడకుండా పాత ఆటలన్నీ తీసి చూశాను. ప్రతి ఎత్తుకీ నాలుగు సెకన్లు. కళ్ళు మూసుకుని వేయగలిగే ఎత్తుకీ నాలుగే, మంత్రిని బలిచ్చే ఎత్తుకీ నాలుగే. మనిషి అలా ఆడతాడా? పక్కన ఇంకో కంప్యూటర్ చెబుతుంటే చూసి వేస్తున్నాడని తేల్చేశాను. సెకన్లన్నీ పట్టిక వేసి మరీ సైట్ వాళ్ళకి ఫిర్యాదు రాశాను. పది రోజుల్లో ఆ అకౌంట్ మూసేశారు. పేరు పక్కన ఎర్ర అక్షరాల్లో మోసమని రాసి, అందరికీ కనబడేలా ఉంచారు. ఆ పూట కాఫీ రెండుసార్లు తాగాను.

ఇంతవరకు నా తప్పు లేదు. నమ్మే రాశాను. ఇంతవరకు అన్నాను, గమనించండి.

మరుసటి నెల ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే విందు. మా ఆయన కొలీగ్ భార్య హైమ పులిహోర తెచ్చింది. కాకినాడ అమ్మాయి, నాకన్నా పదేళ్ళు చిన్నది, నలుగురిలో గొంతు వినబడదు. బల్ల మీద నా చెస్ బోర్డు చూసి, ఒక ఆట వేద్దామా అక్కా అంది. జాలిపడి కూర్చున్నాను. పావు ముట్టుకునే ముందు ప్రతిసారీ ఆమె పెదాలు కదిలేవి. గడియారం చూశాను. నాలుగు సెకన్లు. మళ్ళీ చూశాను. నాలుగు. ముప్పై ఎత్తుల్లో నా రాజుకి దారి లేకుండా చేసింది.

"ఏంటే ఆ గొణుగుడు? నాకు శాపనార్థాలు పెడుతున్నావా?" అన్నాను.

"అయ్యో, అదేం లేదక్కా! మా నాన్న అలవాటు చేశారు. పావు ముట్టుకునే ముందు మూడుసార్లు గోవిందా అనుకోమనేవారు, చెయ్యి తొందరపడకుండా. ఇప్పుడు మానేద్దామన్నా రాదు."

"ప్రతి ఎత్తుకీనా?"

"ప్రతి ఎత్తుకీ. ఆన్‌లైన్‌లో కూడా అంతే." గొంతు తగ్గించింది. "పోయిన నెల నా అకౌంట్ క్లోజ్ చేసేశారక్కా. కంప్యూటర్ని అడిగి ఆడానంట. ఎవరో కంప్లైంట్ ఇచ్చారు. మా ఆయనేమో ఇంకోటి ఓపెన్ చేసుకో, ఏముంది అంటారు. దొంగ అన్న పేరు అక్కడే ఉంచి ఇంకో పేరుతో దూరడమేంటక్కా? నాన్న రోజూ ఆ సైట్‌లో నా గేమ్స్ చూసేవారు. ఇప్పుడు అది చూస్తున్నారు. మీరొక లెటర్ రాసిపెట్టరా? మీరు రాస్తే పనైపోద్దని అందరూ అంటారు."

"రాస్తాను. ఆ కంప్లైంట్ ఇచ్చినవాడి సంగతి కూడా తేలుద్దాం."

ఆ రెండో మాట నేను అనవలసిన అవసరమేముంది? ఎవరడిగారు? అయినా అన్నాను. అకౌంట్ పేరు పేపర్ నాప్‌కిన్ మీద రాసిచ్చింది. చూడకముందే తెలుసు.

సోమవారం ఉత్తరం రాశాను. నేను రాసినవాటిలో అదే గొప్పది, ఈ మాట ఇప్పటికీ అంటాను. తండ్రి నేర్పిన అలవాటునీ, నాలుగు సెకన్ల లెక్కనీ, కావాలంటే కెమెరా ముందు ఆడించి చూసుకోండన్న సవాలునీ ఏ అమెరికావాడూ కాదనలేనట్టు పేర్చాను. ఒక్క వాక్యం తక్కువైంది. ఆ ఫిర్యాదు నాదే, వెనక్కి తీసుకుంటున్నాను అన్న వాక్యం. అది లేకుండా పంపినా గెలిచేదేమో. పంపలేదు. ఎందుకు? పదకొండు ఆటలు ఓడి ఏడుస్తూ చాడీలు చెప్పిన ఆడది ఎవరో బయటపడుతుందనా? అదీ ఉంది. కానీ దాని కింద ఇంకోటుంది, అది చెప్పకపోతే ఈ ఒప్పుకోలు కూడా దొంగదే అవుతుంది. హైమ తిరిగొస్తే మళ్ళీ నన్ను ఓడిస్తుంది.

మూడు వారాలాగి, జవాబు రాలేదని చెప్పాను. "పోన్లెండక్కా, మీరు ట్రై చేశారుగా," అంది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ తర్వాతి పాట్‌లక్‌లో ఒకావిడ నాతోనే అంది, "మీరు రాసినా అవలేదంటే, ఏదో చేసే ఉంటుందిలెండి." ఎన్నడూ ఓడని నా ఉత్తరాల పేరే ఆమెని దొంగని చేసింది. నేను పులిహోర వడ్డించుకుంటూ ఉండిపోయాను. హైమ బోర్డు ముందు మళ్ళీ కూర్చోలేదు. మరుసటేడు వాళ్ళాయన ఉద్యోగం మారి దూరాన బాతెల్ అనే ఊరికి వెళ్ళిపోయారు.

ఇక నా సంగతి. ఆ సోమవారం నుంచే మూడు గోవిందలు నేనూ మొదలుపెట్టాను. చెయ్యి ఆగడం నేర్చుకుంది. పదహారు వందలు దాటాను, పదిహేడు దాటాను, పోయిన అక్టోబరులో పద్ధెనిమిది వందల ఇరవై నాలుగు. మా అమ్మాయి కాలేజీ నుంచి ఫోన్ చేసి కేకలు పెట్టింది. ఒక్క ఆటా కంప్యూటర్ని అడిగి గెలవలేదు, ఒక్కొక్క పాయింటూ నా కళ్ళు నొప్పిపుట్టేలా చూసి తెచ్చుకున్నది. దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. మాట్లాడితే మీరు నమ్మకండి. ఈ గర్వం నాది. నేర్పింది మాత్రం హైమ, తనకి తెలియకుండా.

నేనూ ఇప్పుడు ఎత్తుకి నాలుగు సెకన్లే తీసుకుంటాను. నామీద ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

పాత సైట్ మూతపడింది, ఎర్ర అక్షరాలు పోయాయి. అందుకని నా పని తేలికైందా? లేదు. అవి చూసిన ఆ తండ్రి చూసేశాడు. హైమ నంబరు నా ఫోన్‌లో ఉంది. చెప్తానని మాటివ్వను. మాటివ్వడంలో నేనెలాంటిదాన్నో మీరు ఇప్పుడే చదివారు.

నిన్న పొద్దున ఆ ఉత్తరం తెరిచాను. తక్కువైన వాక్యం చేర్చాను. ఆ ఫిర్యాదు నాది, ఆమె నిజాయితీగా ఆడింది. రాసే ముందు మూడుసార్లు గోవిందా అనుకున్నాను. ఈసారి చెయ్యి వెనక్కి రాలేదు.