రాయి పారిపోని రోజు

మానుకోట డిగ్రీ కాలేజీలో జియాలజీ చెప్పడానికి చేరిన మొదటి నెలలోనే నా పరువు పోయింది. రాళ్లను చూసే పోలరైజింగ్ మైక్రోస్కోపులో పల్చటి రాతి పలకను పెట్టి, కింది గుండ్రటి బల్లను తిప్పితే రంగులు మారతాయని పిల్లలకు చెప్పాను. తిప్పగానే మధ్యలో ఉండాల్సిన రేణువు పక్కకు జారి కనబడకుండా పోయింది. "మేడం, రాయి పారిపోయింది" అన్నదొక అమ్మాయి. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, లోపల సిగ్గేసింది. కటకాన్ని బల్ల నడిమికి సరిచేయాలని తెలుసు. యూనివర్సిటీలో ఆ పని ఎవరో చేసి పెట్టేవారు, నేనెప్పుడూ చేయలేదు.

జనగామలో ఉంటున్న మా పాత సారుకు ఫోన్ చేస్తే, ఆదివారం మైక్రోస్కోపును తీసుకుని రమ్మన్నారు. ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. మా ల్యాబ్ అటెండరును అందరం అక్క అంటాం, ఆమెది కొత్తగూడ. ఆమె మాత్రం నన్ను ఒంటరిగా పోనివ్వలేదు.

"సామాను నా పేరు మీదున్నది మేడం. నేను గూడ వస్త."

పొద్దటి రైల్లో దారంతా మైక్రోస్కోపు పెట్టెను ఒళ్లోంచి దించలేదామె.

సారు చేతులు వణుకుతున్నాయి. అందుకే తాను ముట్టుకోకుండా, కటకం పక్కనున్న రెండు మరలు తిప్పే, తాళంచెవుల్లాంటి చిన్న కీలు నా చేతికిచ్చి, ఎట్లా చేయాలో చెప్పారు. రేణువును లోపల కనబడే అడ్డం, నిలువు గీతలు కలిసే చోట పెట్టాలి. బల్లను అర చుట్టు తిప్పి, అది ఎంత దూరం పోతుందో చూడాలి. అందులో సగం మరలతో వెనక్కి తేవాలి, మిగతా సగం పలకను చేత్తో జరపాలి. నేను ఆత్రంగా మొత్తం దూరం మరలతోనే లాగాను. మూడుసార్లు తప్పింది.

"సగమే బిడ్డా, సగమే. జర నిదానం" అన్నారాయన.

నాలుగోసారి కుదిరింది. సారు వెంటనే మరలు చెడగొట్టమన్నారు, ఈసారి అక్కను చేయమన్నారు. పదకొండేళ్లుగా ఆ మైక్రోస్కోపును తుడుస్తున్న మనిషి, లోపలికి చూడడం అదే మొదలట. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, రెండో ప్రయత్నంలోనే కుదిర్చింది. బల్ల తిప్పుతూనే ఉంది. నీలం పోయి నారింజ వచ్చింది, అది పోయి చీకటైంది, మళ్లీ వెలిగింది. రేణువు మాత్రం చోటు వదల్లేదు.

"గీ నల్లరాయిల గిన్ని రంగులున్నయా సారు" అని మెల్లగా అడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మాకు మధ్యాహ్నం అన్నం పెట్టి, కీలు మమ్మల్నే ఉంచుకోమన్నారు.

సోమవారం నేను వెళ్లేసరికి అక్క ల్యాబ్ తెరిచి, మిగతా మూడు మైక్రోస్కోపులనూ సరిచేస్తోంది. ఆ మధ్యాహ్నం ప్రాక్టికల్‌లో ఎలా చేయాలో పిల్లలకు చూపించమని ఆమెనే అడిగాను. కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. పిల్లలు చుట్టూ మూగారు. నేను వెనక బెంచీ మీద కూర్చుని, హాయిగా విన్నాను.