పెద్దల కూరలో చేదుబీర

నా చిన్నప్పుడు పేరు తెలియని ఆకు ఏది దొరికినా మా ఊరి ఆడవాళ్ళు కొంగులో వేసుకుని మా బాపమ్మ దగ్గరికి వచ్చేవారు. బాపమ్మ అంటే నాన్నమ్మ, మా బాపును కన్నతల్లి. గంగవాయిలి కూరలో పాలు కారే పిచ్చి ఆకు కలిసిపోతే, ఆమె ఊరి కబుర్లు చెబుతూనే వేళ్ళతో తడిమి దాన్ని ఏరి పారేసేది. తినేది ఏదో, తినకూడనిది ఏదో ఆమె చెప్పిందంటే ఇక తిరుగులేదు. ఆ విద్యలో ఆమెను మించినవాళ్ళను నేను ఇప్పటికీ చూడలేదు. మనిషి మాత్రం మంచిది కాదు. పోయినవాళ్ళను అలా అనకూడదంటారు, కానీ నాకూ డెబ్బై దాటాయి, ఇప్పుడు కాక ఇంకెప్పుడు అంటాను?

మాది మంథని దగ్గర ఒక వరి పల్లె. బాపు తమ్ముణ్ణి నేను చిన్నబాపు అనేదాన్ని. ఆయన కొన్నాళ్ళు బెల్లంపల్లి పోయి బొగ్గుబాయిలో పని చేశాడు. అక్కడే ఒక బాయి కార్మికుడి కూతుర్ని ఇష్టపడి పెళ్ళి చేసుకుని, ఒకరోజు వెంటబెట్టుకుని వచ్చేశాడు. బాపమ్మ ఏమో తన తమ్ముడి కూతుర్ని ఆయనకు చేయాలని ఏనాడో అనుకుని ఉంది. కొత్త చిన్నమ్మను గడప దాటి రానిచ్చింది గానీ, ఇంటిల్లిపాదీ వింటుండగా ఒక మాట తేల్చి చెప్పింది.

"పెత్రమాస నాడు పెద్దలకు ఈ పిల్లే వండిపెట్టాలె. పెద్దలు మెచ్చితే ఇంట్ల ఉంటది. లేకుంటే వాళ్ళింటికే పోతది."

పెత్రమాస అంటే బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్య. ఇంట్లో చనిపోయిన పెద్దలకు ఆ రోజు వండి పెడతారు. చిన్నమ్మ ఆ మాటకు భయపడలేదు, పైగా సంబరపడింది. పెద్దల వంట తన చేతికి ఇచ్చారంటే కోడలిగా ఒప్పుకున్నట్టే అనుకుంది పిచ్చిది. మా అవ్వ, అంటే మా అమ్మ, వెంట తిరిగి, ఏ కూర ఎట్లా చేయాలో అడిగి తెలుసుకునేది. నాకు ఆమె అంటే ప్రాణం. జడ వేస్తూ, బాయి సైరను ఎలా కూస్తుందో నోటితో కూసి నవ్వించేది. పాపం, కూరగాయలంటే ఆమెకు అంగట్లో గంపల్లో చూసినవే. తీగకు వేలాడుతుండగా చూసింది తక్కువ.

ఆ పొద్దున బాపమ్మ ఆమె చేతికి గుల్లబుట్ట ఇచ్చి పెరట్లోకి పంపింది. దడి మీద బీరకాయలున్నాయని, లేతవి చూసి తెంపమని, ముదురు కాయలు పెద్దలు ముట్టరని చెప్పింది. నేనూ తోకలాగా వెంటపోయాను. చిన్నమ్మ వేలెడంత, బెత్తెడంత కాయలు వెతికి వెతికి తెంపింది. ఎంత లేతగా ఉన్నాయో చూడమని నాకు చూపించింది. నాకు అప్పటికి ఆకుల్లో, కాయల్లో తేడా తెలిసే వయసు కాదు, అవి బీరకాయలు కావని ఎవరైనా అంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

బీరకాయల్లోనూ దోసకాయల్లోనూ అప్పుడప్పుడూ ఒక చేదుది వస్తుంది. అందుకే కోయగానే ఒక ముక్క నాలుకకు తాకించి చూడడం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్న అలవాటే. చిన్నమ్మ కూడా అలాగే ముక్క పైకెత్తింది. వెనక నుంచి బాపమ్మ ఆపింది.

"పెద్దల కూర ఎంగిలి చేస్తవా?"

నిజమే, ఆ రోజు ఉప్పు కూడా రుచి చూడరు. చిన్నమ్మ లెంపలు వేసుకుని ముక్క కింద పెట్టేసింది. మిగతా వంటంతా అందాజ మీదే చేసింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది.

దీపం ముందు విస్తరి వేసి పెద్దలకు పెట్టాక, మగవాళ్ళు వరసగా కూర్చున్నారు. బాపు మేనమామ మొదటి ముద్ద బీరకాయ కూరతో కలిపి నోట్లో పెట్టుకుని, అక్కడే ఊశాడు. పక్కాయనా ఊశాడు. పెద్దలకు పెట్టిన అన్నం ఊయడం మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. మిగతావాళ్ళు విస్తరి మీదే చేతులు ఆపేశారు. బాపమ్మ మాత్రం ఎదురుచూస్తున్న చుట్టం వచ్చినట్టు నెమ్మదిగా లేచింది.

"పెద్దలు ఒప్పుకోలే," అంది. "అయినా వాళ్ళకు పెట్టింది పారబోయద్దు. వండిన పిల్లే తినాలె."

చిన్నమ్మను అందరి ఎదుటా కూర్చోబెట్టి, గిన్నెలో ఉన్న కూరంతా ఆమె విస్తరిలో వంచింది. చిన్నమ్మ ఒకసారి చిన్నబాపు వైపు చూసింది. ఆయన తన విస్తరి కుట్టు చూస్తున్నాడు. ఆమె తినడం మొదలుపెట్టింది. గొంతు దిగక కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా, పెద్దలను శాంతపరచాలని కాబోలు, ముద్ద తర్వాత ముద్ద మింగింది. మంచినీళ్ళ కోసం చెయ్యి చాపితే బాపమ్మ చెంబు దూరం జరిపింది. మా అవ్వ గుంజ పట్టుకుని నిలబడింది తప్ప ముందుకు రాలేదు. ఆ విస్తరి ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవలేదు.

సాయంత్రానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పేగులు తెగిపోతున్నట్టు చిన్నమ్మ మెలికలు తిరిగింది. అవ్వ ఆమె తల పట్టుకుని కూర్చుంటే, బాపమ్మ అరుగు మీద తమలపాకులు నములుతూ కూర్చుంది. ప్రాణం నిలవడమే గొప్ప. కబురు అందుకుని బెల్లంపల్లి నుంచి వాళ్ళ బాపు వచ్చాడు. గోళ్ళ సందుల్లో బొగ్గు ఇంకిపోయిన మనిషి. కొట్లాడతాడేమో అనుకున్నాను, ఆయన మా బాపమ్మకే చేతులు జోడించి, బిడ్డ వల్ల తప్పయిందన్నాడు. ఆయన వెంట పెద్దపల్లి బస్సు ఎక్కే ముందు చిన్నమ్మ మా అవ్వ చేయి పట్టుకుంది.

"నా చేతిల్నే ఏదో దోషమున్నదక్కా. పెద్దలకు తెలుస్తది కదా."

వాళ్ళు వెళ్ళిన సాయంత్రం బాపమ్మ ఎన్నడూ లేనంత ప్రేమగా నన్ను దడి దగ్గరికి పిలిచింది. అక్కడ ఒకటి కాదు, రెండు తీగలు కలగలిసి పాకి ఉన్నాయి. రెంటికీ పసుపుపచ్చ పువ్వులే, రెంటి కాయలకూ గీతలే. ఒక్కో ఆకు తెంపి నా రెండు అరచేతుల్లో పెట్టి, నిమిరి చూడమంది. ఒకటి పెద్దది, మామూలు గరుకు. రెండోది చిన్నది, అంచులు లోతుగా కోసినట్టుండి, మీద తెల్లని నూగు ఉంది. "గిది చేదుబీర," అంది. అది ఎంత పెరిగినా బెత్తెడు దాటదనీ, అందుకే తెలియనివాళ్ళకు లేత బీరకాయలా కనపడుతుందనీ చెప్పింది. తర్వాత కొట్టంలోకి తీసుకుపోయి బోర్లించిన గంప ఎత్తింది. కింద మంచి బీరకాయలు కుప్పగా ఉన్నాయి. పెత్రమాస నాడు తెల్లవారకముందే తెంపి దాచినవి. అప్పటికే వాడిపోతున్నాయి.

"రేపు నువ్వు అత్తగారింటికి పోతే నిన్నెవ్వలు మోసం చెయ్యద్దు బిడ్డా. అందుకే చూపిస్తున్న," అని నా తల నిమిరింది.

నేను చిన్నబాపు దగ్గరికి పరుగెత్తాను. చెబితే వెంటనే బెల్లంపల్లి పోతాడనుకున్నాను. ఆయన తాడు పేనుతూ తల ఎత్తకుండానే, నోట్లో పెట్టుకున్నప్పుడే ఎరుకైందన్నాడు. అవ్వకు చెబితే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "అందరికి ఎర్కనే బిడ్డా," అంది. నిజమే కదా, ఆ వరసలో కూర్చున్నవాళ్ళంతా రైతులే. చేదుబీర రుచి తెలియనివాడు అందులో ఒక్కడూ లేడు. తెలిసీ, ఆ పిల్లను తిననిచ్చారు. మళ్ళీ ఎండాకాలానికి చిన్నబాపుకు బాపమ్మ తమ్ముడి కూతురితో పెళ్ళయింది. ఆ పిల్లకూ రెండు తీగల తేడా తెలియదు. బాపమ్మే చేయి పట్టుకుని నేర్పింది.

మొదటి చిన్నమ్మ ఏమైందో నాకు తెలియదు. మళ్ళీ పెళ్ళి చేసుకుందో లేదో, పండుగ నాడు పొయ్యి ముందు కూర్చోవడానికి ఎంత జంకిందో తెలియదు. తన చేతిలో దోషం లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది.

మంచి ఆకు, చెడ్డ ఆకు ఇప్పుడు నాకూ బాగానే తెలుసు. అడిగినవాళ్ళకు చెబుతాను, అడగనివాళ్ళకూ వినపడేటట్టు చెబుతాను. మా బాపు ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకోవడంతో నేను పుట్టింట్లోనే ఉండిపోయాను. మా ఇంట్లో పెత్రమాస వంట ఏళ్ళుగా నా కోడలు చేస్తోంది. ఆమె బీరకాయ కోయగానే మొదటి ముక్క నేనే నోట్లో వేసుకుంటాను. ఉడికాక ఇంకోసారి చూస్తాను, ఉప్పూ చూస్తాను. మొదటి ఏడాది ఆ పిల్ల బెదిరిపోయింది. పెద్దలకు ఎంగిలిది పెడతామా అత్తమ్మా, బాపమ్మకు కూడానా అంది. అవును, ఆ విస్తరి ఇప్పుడు పెద్దల్లో కలిసిన మా బాపమ్మకే కదా.

"తింటే తింటది," అన్నాను. "లేకుంటే పస్తుండనియ్."