ఆదివారం పదింటికి స్వింగ్ డాన్సు

యాభై ఒకటో ఏట నేను డాన్సు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పులకి డాక్టరు చెయ్యమన్నాడని చెప్పమ్మా అని మా అమ్మాయి ఫోన్లో సలహా ఇచ్చింది. నా మోకాళ్లు గుండ్రాయిలా ఉన్నాయి. చెయ్యాలనిపించింది, చేస్తున్నాను, అంతే.

రాయచూరు జిల్లా సింధనూరులో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉంది. ఇల్లు జవళగేర దగ్గర క్యాంపులో. కాలవ నీళ్లు వచ్చాక గోదావరి వైపు నుంచి వచ్చి వరి వేసుకున్న మావాళ్ల ఊళ్లని ఇక్కడ క్యాంపులంటారు. మూడు తరాలైనా ఆ పేరు పోలేదు. ఒకరోజు బెంగళూరు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరమ్మాయి, మన తెలుగు పిల్లే, షాపుకి గుడ్డ తెచ్చి, గిర్రున తిరిగితే గొడుగులా లేచే గౌను కుట్టమంది.

"కింద ఇంత వెడల్పు ఘేరెందుకమ్మా?" అన్నాను.

"స్వింగ్ డాన్సుకి ఆంటీ" అని ఫోన్లో వీడియో చూపించింది. బాకాలు, డ్రమ్ములు మోగుతుంటే జంటలు చేతులు పట్టుకుని దగ్గరికొస్తున్నారు, దూరం జరుగుతున్నారు, తిరుగుతున్నారు. వాళ్లలో తల ముగ్గుబుట్టయిన ఒకావిడ ఉంది. అందరికంటే ఆవిడే ఎక్కువ నవ్వుతోంది. నాకు కుళ్లు పుట్టింది. "నాలాంటిదాన్ని చేర్చుకుంటారా?" అని నోరు జారాను.

"రెండు కాళ్లూ ఉన్నాయిగా, చాలు" అంది ఆ పిల్ల.

ఆదివారం పొద్దున పదింటికి ఒక ట్యూషన్ సెంటరు పై అంతస్తులో, బెంచీలు గోడకి నెట్టేసి ఆ పిల్లే చెప్పే క్లాసు. మొత్తం ఏడుగురం. నాకు జోడీగా వచ్చినతను కరెంటు లైన్‌మన్, రాయచూరు మనిషి, యాభై దాటినవాడే. అతను చెయ్యి చాచాడు. నేను పట్టుకోలేకపోయాను.

సిగ్గు కాదు. మా ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. మా అమ్మాయిని పక్కన పెడితే, ఈ నాలుగేళ్లలో నా చెయ్యి పట్టుకున్నది బీపీ చూసిన నర్సు ఒక్కతే. గాజులమ్మేవాడు కూడా మా గుమ్మం దాటుకుని పక్కింటికి పోతాడు. ఎవరైనా పట్టుకుంటే ఏడుపొస్తుందేమోనని భయం. పట్టుకున్నాను, వచ్చింది కూడా.

"ఏందక్కా, నా చెయ్యి గంత గరుకుగుందా?" అన్నాడతను. ఏడుస్తూనే నవ్వేశాను.

అడుగులు చెప్పుకోడానికి తేలికే. ఇటు మూడు చిన్నడుగులు, అటు మూడు, ఆ తర్వాత ఒక కాలు వెనక్కి వేసి వెంటనే బరువు ముందుకాలి మీదికి తెచ్చెయ్యాలి. మిగతావాళ్లకి మొదటిరోజే వచ్చేసింది. నేను మాత్రం ఒక కాలు వెనక్కి వేస్తే రెండోదాన్ని కూడా దాని వెనక్కే లాగేదాన్ని. పాట అయ్యేసరికి అతన్ని కూడా ఈడ్చుకుంటూ బెంచీల దాకా పోయేదాన్ని.

"అక్కా, యాడికి పోతున్నవ్? గిట్లనే పోతే ఇద్దరం మెట్ల మీద పడ్తం" అనేవాడు.

నాలుగో ఆదివారం నాకే తట్టింది. పెళ్లయ్యేదాకా మా పొలంలో కూలీలతో సమానంగా నాట్లు వేసినదాన్ని. నాట్లు వెనక్కి నడుస్తూ వేస్తారు. ముందుకి అడుగుపడితే అప్పుడే పెట్టిన నారు కాలికింద నలిగిపోతుంది, గట్టుమీంచి మా నాన్న తిట్లు లంకించుకునేవాడు. ఈ కాళ్లు నేర్చుకున్న మొదటి పాఠం అది. సంగతి చెబితే ఆఫీసరమ్మాయి నవ్వలేదు. నా సంచిలోంచి గుర్తులు పెట్టుకునే సుద్దముక్క తీసుకుని నా ముందు నేలమీద రెండు పాదాలు గీసింది. "ఇక్కడ నారు లేదాంటీ, తొక్కండి" అంది. తొక్కాను. మళ్లీ మళ్లీ తొక్కాను.

సింధనూరులో తుమ్మితే మా క్యాంపులో చిరంజీవ అంటారు. నెల తిరక్కుండానే మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నారు. ఆయన కొడుకు పెళ్లి దగ్గరపడింది. ఆ పిల్లాడికి అన్నం తినిపించింది నేను, కాలేజీకి వెళ్లేదాకా చొక్కాలు కుట్టింది నేను. వాడి పెళ్లి చూడాలని నాకెంత ఆశో ఆయనకి తెలుసు.

"ఏమ్మా, నువ్వు చేసే పని బాగుందా? పరాయి మగాడి చెయ్యి పట్టుకుని ఆ గెంతులేంటి? అది మానకపోతే పెళ్లికి పిలవడం కుదరదు. వియ్యాలవారి ముందు మేం తలెత్తుకోవద్దూ?"

మజ్జిగ గ్లాసు ఆయన ముందు పెట్టి అన్నాను. "పసుపు కొట్టే రోజున నన్ను వంటింట్లో ఉండమంటారు. తలంబ్రాల వేళకి స్తంభం వెనక కూర్చోమంటారు. మీ ఇంట్లో నా చెయ్యి ఎందుకూ పనికిరాదు. పనికొచ్చిన ఒక్కచోటుకీ వెళ్లొద్దంటున్నారు. పిలవకపోతే రాను బావగారూ. డాన్సు మానను."

మజ్జిగ గ్లాసు ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయారు. ఆయన వెళ్లాక ఏడ్చాను, అబద్ధమెందుకు. మజ్జిగ నేనే తాగేశాను.

శుభలేఖ రాలేదు. పెళ్లి ఆదివారమే, పదకొండు గంటల ముహూర్తం. కల్యాణ మండపం మా క్లాసుకి రెండు వీధుల అవతల. ఆ రోజు ఇంట్లో ఉండిపోదామా అనుకున్నాను. ఇంట్లో ఉంటే బావగారు గెలిచినట్టే. ఆఫీసరమ్మాయి గౌను కుట్టగా మిగిలిన గుడ్డతో కుట్టుకున్న కొత్త జాకెట్టు వేసుకుని పదింటికల్లా వెళ్లాను. మధ్యలో కిటికీలోంచి గట్టిమేళం వినిపించింది. ఆఫీసరమ్మాయి పాట ఆపేసింది. పెళ్లి సంగతి నేను ముందే చెప్పాను కాబట్టి అందరూ నావైపు చూశారు.

"పోయొస్తవా అక్కా? బండి మీద దింపుత" అన్నాడు లైన్‌మన్.

"పిలవని పేరంటానికి పోను" అన్నాను.

కిటికీ దగ్గరికెళ్లి ఆ చప్పుడు వస్తున్నవైపు రెండు చేతులూ ఎత్తాను. నూరేళ్లు చల్లగా ఉండరా నాన్నా అని పైకే అన్నాను. మండపంలో అయితే ఆ మాట స్తంభం చాటున గొణుక్కోవాల్సి వచ్చేది. మేళం ఆగేదాకా అలాగే నిలబడి, కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగాను.

"పాట పెట్టమ్మా" అన్నాను.